నడుముకొలత – గుండెబలము

పెండ్లినాటి వడ్డాణము పదేండ్లకు నడుమునకు చాలకపోయినచో మన యిండ్లలో నవ్వుకొందురు. కంసాలిచేత మరి రెండు బిళ్ళలు చేర్పింతురు. "కోడలు ఒళ్ళు చేసినది, సుఖపడుచున్నది" యని అత్తగారు సంతోషించును. బక్కపలుచగా వచ్చిన పిల్ల నిండుగా నైనదనుట పుట్టినింటికిని మెట్టినింటికిని గౌరవముగనే యెంచబడుచున్నది. కరవులు చూచిన పెద్దల కాలమున నీ మాటలో కొంత నిజము లేకపోలేదు. నేటికాలమున మాత్ర మా వడ్డాణపు బిగువు మనకు వేరొక సమాచారమును తెలుపుచున్నది. అది సౌందర్యమునకు సంబంధించినది కాదు, గుండెకు సంబంధించినది. కావున సోదరీమణులు దానిని నవ్వి త్రోసివేయక కొంచెము విచారింపవలెను.

పని తగ్గినది, పళ్ళెము తగ్గలేదు

గోదావరి యొడ్డున నున్న మంథని పూర్వము మంత్రపురి యని పేరొందిన వేదవిద్యాస్థానము. 2016 అక్టోబరు వరకు కరీంనగరము జిల్లాలో నుండి, నేడు పెద్దపల్లి జిల్లాలో చేరియున్నది. అచటి గృహిణి దినచర్యను రెండు తరముల క్రిందటి దానితో పోల్చి చూతము. నాడు తెల్లవారకమునుపే బావికడ నీళ్ళు చేదుట, వాకిలి యూడ్చి కల్లాపి చల్లుట, తిరుగలి త్రిప్పుట, రోకటితో దంచుట, రోట రుబ్బుట, గోదావరికి నడచిపోయి స్నానమాడి తడిబట్టలతో మరలివచ్చుట, ఇట్లు ప్రొద్దెక్కకమునుపే యొడలంతయు కదలుచుండెడిది. నేడు మీట నొక్కినచో నీరు మేడమీది కెక్కును. మిక్సీ రెండు నిమిషములలో పిండి రుబ్బును. గ్యాసుపొయ్యి ముందు నిలుచుండి కదలకయే వంట ముగింపవచ్చును. నదికి పోదలచినను ఆటో వాకిటికే వచ్చును.

ఆ చాకిరి మరల రావలెనని యెవరును కోరరాదు. దానివలన నెందరి నడుములు వంగినవో, ఎందరు నిండుచూలాండ్రు బిందెలు మోసి బాధపడిరో మన యమ్మమ్మల నడిగిన తెలియును. యంత్రములు వచ్చుట మేలే. కాని పని తగ్గినప్పుడు పళ్ళెము కూడ కొంత తగ్గవలసియుండెను. అది తగ్గకపోగా మారిపోయినది. ఉత్తర తెలంగాణమున జొన్నరొట్టె, జొన్నగటక, మక్కగటక తిని పొలముపనికి పోయిన కుటుంబములు పెక్కు. 1963లో పోచంపాడు కడ శ్రీరామసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట కాలువలు వచ్చి వరి పెరిగెను. 1983లో కిలో రెండురూపాయల బియ్యము ఇంటింటికి చేరెను. పేదవాని యాకలి తీరుట మహోపకారము. అయినను క్రమముగా పళ్ళెమంతయు తెల్లనన్నమై, పప్పును కూరయు దాని యంచున నలంకారముగా మిగిలినవి.

ఇల్లు చూచుకొనువారికే కాదు, కూర్చుండి బీడీలు చుట్టుచు, కుట్టుమిషను త్రొక్కుచు, కంప్యూటరు ముందు పనిచేయుచు సంపాదించు సోదరీమణులకును ఇదియే చిక్కు. దినమంతయు పనిచేసి యలసితిమని వారనుకొందురు. అలసిన మాట నిజము. ఒడలు కదలని మాటయు నిజము.

లండను బస్సులు, గోదావరి పల్లెలు

కదలికకును గుండెకును గల సంబంధమును స్పష్టముగా చూపిన తొలిపరిశోధనలలో ప్రసిద్ధమైనది లండను నగరమున జరిగినది. అచటి రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు దినమంతయు మెట్లెక్కి దిగుచుండును. ఇరువురిదియు నొకటే సంస్థ. జెరీ మోరిస్ అను వైద్యుడును అతని సహచరులును 1953లో ప్రకటించిన దాని ప్రకారము కండక్టర్లకంటె డ్రైవర్లకు గుండెజబ్బు హెచ్చు. 1956లో వారు సంస్థవారి దర్జీలెక్కలు తీసి చూడగా, డ్రైవర్ల లాగుల నడుముపట్టీలు పెద్దవిగా నుండెను. అట్లైన దోషము కూర్చుండుటదా, నడుముదా యను ప్రశ్న పుట్టినది. తరువాతి పరిశోధనలు రెంటికిని పాలు కలదని తేల్చినవి.

అది దొరల దేశపు జబ్బని మనము చాలకాలము ధైర్యముగా నుంటిమి. మంథనిని తాకి పారు గోదావరియే సముద్రమును చేరుచోట, తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు 2003–04లో ఒక సంవత్సరమున సంభవించిన మరణముల కారణములను పరిశోధకులు ఇంటింటికి పోయి విచారించిరి. అందు నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవి. అంటువ్యాధులవలన కలిగినవి నూటికి 12 మాత్రమే. పల్లెలలో సయితము మృత్యువు వచ్చు త్రోవ మారినదని దీనివలన తెలియుచున్నది. 2004లో ప్రకటింపబడిన ఇంటర్‌హార్ట్ అను పరిశోధన 52 దేశముల జనులను పరీక్షించి, గుండెపోటు భయమును తెలుపుటలో శరీరపు బరువుకంటె నడుమునకును పిరుదులకును గల నిష్పత్తియే మేలైన గురుతని చెప్పినది.

కడుపులోని కొవ్వు చేయు కీడు

కొవ్వంతయు నొకటి కాదు. చర్మము క్రింద, పిరుదులయందు, తొడలయందు చేరునది యొకటి. అది నిలువ ధాన్యమువలె నణగియుండును. ప్రేగులచుట్టును, కాలేయముచుట్టును చేరునది రెండవది. ఇది యూరకుండదు. దీనినుండి కరగిన కొవ్వు ప్రేగుల రక్తముతోగూడ తిన్నగా కాలేయమునకు పోవును. అప్పుడు కాలేయము రక్తములోనికి కొవ్వును హెచ్చుగా వదలును, ఇన్సులిను చెప్పిన మాట శరీరము వినకుండును, చక్కెర పెరుగును, రక్తపుపోటు పెరుగును. ఇవి యన్నియు చేరి గుండెకు రక్తము నిచ్చు నాళముల గోడలలో పూడిక వేయును. పలుచని చేతులు, పలుచని కాళ్ళు గలిగి కడుపు మాత్రము ముందునకు వచ్చినవారు "మేము బక్కవారమే" యని నిశ్చింతగా నుండరాదు. మన దేశీయులలో నీ యాకారమే తరచు కానవచ్చుచున్నది.

స్త్రీలకు ముట్లుడుగువరకు కొంత రక్షణ కలదు. అటుపిమ్మట కొవ్వు తొడలను విడిచి కడుపును చేరును. గుండెజబ్బు భయమును పెరుగును. గర్భిణిగా నుండగా మధుమేహమో, రక్తపుపోటో వచ్చి పోయినవారు కాన్పుతో నంతయు తీరినదని మరచిపోరాదు. అట్టివారు ప్రతిసంవత్సరమును పరీక్ష చేయించుకొనవలెను.

కొలుచు విధము

దర్జీటేపు నొకదానిని తీసికొనుడు. ప్రక్కటెముకలలో చివరిదానికిని తుంటియెముక పైయంచునకును నడుమ చోటున, ఊపిరి మెల్లగా విడిచిన పిమ్మట, బిగింపక వదులుచేయక చుట్టుడు. మన దేశపు స్త్రీలకు 80 సెంటిమీటర్లు, అనగా సుమారు 31½ అంగుళములు, హద్దు. పురుషులకు 90 సెంటిమీటర్లు. దానిని మించినచో భయపడవలదు, మేలుకొనవలెను. మాసమున కొకసారి కొలిచి, చాకలిపద్దు వ్రాయు పుస్తకములోనే యొక మూల వ్రాసికొనుడు. బరువు తగ్గక నడుము తగ్గినను అది లాభమే.

కరిగించు విధము

మొదటిది నడక. వారమునకు 150 నిమిషములు, అనగా దినమునకు అరగంట చొప్పున ఐదుదినములు, చురుకుగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. నడుచునప్పుడు మాటలాడుటకు ఊపిరి చాలవలెను, పాట పాడుటకు చాలరాదు. అదియే తగిన వేగము. మంథనివంటి యూళ్ళలో తెల్లవారుజామున గోదావరి త్రోవ పట్టి పోయివచ్చుట కంటె మంచి మార్గ మేమున్నది? ఒంటరిగా పోవుటకు సంకోచించువారు ఇరుగుపొరుగు నలుగురు కలిసి పోవచ్చును. బతుకమ్మ తొమ్మిదినాళ్ళును గంటలతరబడి వంగుచు, చప్పట్లు కొట్టుచు, అడుగులు వేయుచు తిరుగువారము గదా! సద్దుల బతుకమ్మతో నా కాళ్ళను మరల కట్టివేయ నేల? ఆ చుట్టుకాముల చెలులే యేడాదిపొడుగునను నడక చెలులు కావచ్చును.

రెండవది కండబలము. వారమునకు రెండుదినములైన కుర్చీనుండి చేతులానక పదిసార్లు లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి వంగి లేచుట, నీళ్ళసీసాలను చేతబట్టి యెత్తి దించుట చేయవలెను. కండ యున్నచోటనే చక్కెర ఖర్చగును. కూర్చుండి పనిచేయువారు గంటకొకసారి లేచి రెండు నిమిషములు తిరుగవలెను. మోకాళ్ళనొప్పి, ఆయాసము, గుండెజబ్బు గలవారు వైద్యునడిగియే మొదలిడవలెను.

మూడవది పళ్ళెము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము పళ్ళెములో సగము కూరలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. మన పళ్ళెమును తలక్రిందు చేయుటయే చాలును: గరిటెడు పప్పు, రెండు గరిటెల కూర ముందు వడ్డించుకొని, మిగిలిన చోటున నన్నము పెట్టుకొనవలెను. రాత్రిపూట జొన్నరొట్టె చేసినచో నమలుట కాలము పట్టును, కొలత తెలియును. అయితే జొన్నరొట్టె నాలుగు తిన్న మేలు లేదు. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా చిన్నచెంచాడు, మించరాదు. ఆవకాయ, అప్పడము, వడియము మూడును ఒకే పూట వలదు. సకినములు, గారెలు, అరిసెలు పండుగనాడు తినవలసినవే. డబ్బాలకెత్తి మాసమంతయు టీతో తినుటయే చెరుపు. వేచిన నూనెను మరల మరల కాచరాదు. టీలో చక్కెర తగ్గించుట అన్నిటికంటె సులభము.

ఇక మన స్త్రీలకు మాత్రమే యున్న రెండు దోషములు. ఒకటి, అందరికి పెట్టి చివరకు తినుట. కూర యైపోవును, అన్నము మిగులును; పారవేయుటకు మనసొప్పక గిన్నె యడుగునున్న దంతయు తాను తినును. మిగిలినది పెరుగుకుండ ప్రక్కన మూతబెట్టి దాచిన పాపము రాదు. అందరితో కూర్చుండి తిన్నచో కూరయు దొరకును. రెండవది, ఉపవాసము. శుక్రవారమో ఏకాదశియో ప్రొద్దంతయు నీరు ముట్టక, సాయంకాలము సగ్గుబియ్యపు వడలతో, పూరీలతో తీర్చిన వ్రతఫల మెట్లున్నను నడుము తగ్గదు. మధుమేహమునకు మందులు తీసికొనువారు వైద్యునడుగక ఉపవసించుట ప్రమాదము.

ఇట్లు నడుచుకొన్నచో అరునెలలలో శరీరపు బరువున నూటికి ఐదుమొదలు పదివంతుల వరకు తగ్గవచ్చును. 70 కిలోల స్త్రీకి అది మూడున్నర మొదలు ఏడు కిలోలు. అంతమాత్రమునకే రక్తపుపోటు, చక్కెర, రక్తములోని కొవ్వు కుదుటబడుట వైద్యులు చూచుచున్నారు. కడుపులోని కొవ్వే మొదట కరగువాటిలోనిది యగుట మన యదృష్టము.

మాయమాటలు నమ్మవలదు

పొట్టకు పట్టీ కట్టినచో కొవ్వు కరగదు, చెమట మాత్రము పట్టును. బాలింతకు కట్టు నడికట్టు నడుమునకు ఆసరా యిచ్చునేమో కాని కొవ్వును తీయదు. పొట్టకు మాత్రమే చేయు వ్యాయామము పొట్టకండను గట్టిపరచును; కొవ్వు శరీర మంతటినుండియు తన క్రమమున తగ్గును. మంథనికి సమీపముననే యున్న రామగిరి కొండ ఓషధులకు ప్రసిద్ధము. వానియందు గౌరవ ముండవలసినదే. కాని పదిదినములలో బొజ్జ మాయము చేయుదునని పసరో పొడియో అమ్మువానిని వాకిటనుండియే పంపివేయవలెను. వైద్యుడిచ్చిన రక్తపుపోటు మాత్రలను వానిమాటవిని మానుట ప్రాణాపాయకరము.

గుండె పిలిచినప్పుడు

గుండెపోటు స్త్రీలకు ఎల్లప్పుడు ఎదలో బల్లెముతో పొడిచినట్లే రాదు. ఎదమీద బరువు, దవడకో వీపునకో భుజమునకో ప్రాకు నొప్పి, ఆయాసము, చల్లనిచెమట, వాంతివచ్చునట్లుండుట, ఎన్నడును లేని నిస్త్రాణ, ఇవియు గురుతులే. వీనిని "గ్యాసు" అని సోడా త్రాగి, వంట ముగించి, పిల్లలు బడినుండి వచ్చినదాక ఓర్చుకొను సోదరీమణులు ఎందరో! ఆ ఓర్పు సద్గుణము కాదు. మంథనినుండి కరీంనగరమునకు చేరుటకే గంటకు పైగా పట్టును. ఇంట కాచుకొన్న ప్రతినిమిషమును గుండెకండ చచ్చుచుండును. వెంటనే 108కి ఫోను చేయవలెను. భర్త వచ్చువరకు, అత్తగారు సరేయనువరకు ఆగవలదు. ఇంటిలోని యాడపిల్లలకు, మగపిల్లలకు నీ సంఖ్యను ఇప్పుడే నేర్పుడు. 30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రములలో రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ఉచితముగా చేయుచున్నారు. ఆశా కార్యకర్త పిలిచినప్పుడు "మా ఆయనను చూడుడు, నాకేమి" యని తప్పించుకొనరాదు.

ఇంటిల్లిపాది కొలతలును గృహిణికి తెలియును: పాపకు పాలెన్ని, మామగారికి ఉప్పెంత, పప్పు డబ్బాలో మిగిలిన దెంత. తన నడుముకొలత యొక్కటియే ఆమెకు తెలియదు. ఈ మాసము దానినిగూడ ఆ పద్దులో చేర్చుడు. వడ్డాణమునకు బిళ్ళలు చేర్చుట కంసాలికి తెలిసిన పని. వాని నక్కర లేకుండ చేసికొనుట మన చేతిలోని పని.