ఆ కాస్త వెలుతురు ఖరీదు

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఆవనిలో నొలంబ రాజుల కాలం నాటి రామలింగేశ్వర ఆలయాలున్నాయి. రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు ఒక్కొక్కరి పేరా ఒక్కో శివాలయం. బయట ఎండ మండిపోతున్నా స్తంభాల మండపంలో అడుగు పెడితే మసక చీకటే. పైకప్పు మీది శిల్పాన్ని ఫొటో తీయాలంటే తల వెనక్కి వాల్చి కెమెరాను చేతుల్లోనే పట్టుకోవాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ముందస్తు అనుమతి లేనిదే ట్రైపాడ్ పెట్టనివ్వరు. ఒక లెన్సు కొన్ని వేలకు, ఇంకొకటి లక్షలకు ఎందుకు అమ్ముడుపోతుందో ఆలోచించడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. ఎందుకంటే ఆ డబ్బులో ఎక్కువ భాగం ఇలాంటి చీకటి కోసం పెట్టేదే. ‘ఖరీదైన లెన్సుతో మంచి ఫొటో వస్తుంది’ అనే మాటలో సగమే నిజం.

క్యానన్ కంపెనీవే రెండు లెన్సులు తీసుకుందాం. రెండూ 50 మిల్లీమీటర్లవే, రెంటిలోనూ కనిపించే దృశ్యం అంతే. ఒకటి ఎఫ్ 1.8, రెండోది ఎఫ్ 1.2 (ఈ అంకె ఎంత తగ్గితే వెలుగు లోపలికి వచ్చే దారి అంత వెడల్పు). మొదటిదాని బరువు 160 గ్రాములు, లోపల 6 గాజు కటకాలు. రెండోది 950 గ్రాములు, 15 కటకాలు. అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు మొదటిదాని ధర 199 డాలర్లు, రెండోదాని ధర 2,299 డాలర్లు. మరి వెలుతురు ఎంత ఎక్కువ వస్తుంది? లెక్క వేస్తే రెండుంపావు రెట్లు. అంటే ఒకదానితో షట్టర్ సెకనులో 25వ వంతు సేపు తెరవాల్సి వస్తే, రెండోదానితో ఇంచుమించు 60వ వంతు చాలు. రెండుంపావు రెట్ల వెలుతురుకు పదకొండు రెట్ల పైచిలుకు ధర. కిరాణా లెక్కన చూస్తే ఇది పట్టపగలు దోపిడీ.

అయితే ఇక్కడ వెలుతురుతో పాటు తప్పులు కూడా పెరుగుతాయి, అవి వెలుతురు కంటే వేగంగా పెరుగుతాయి. ఎఫ్ 1.8 దగ్గర వెలుగు లోపలికి వచ్చే దారి వెడల్పు సుమారు 28 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.2 దగ్గర 42. లెన్సు మధ్యలోంచి వచ్చే కిరణాలు బుద్ధిగా ఒకచోట చేరతాయి. అంచుల్లోంచి వచ్చేవి మాత్రం గుండ్రటి గాజు వంపు వల్ల మరీ ఎక్కువగా వంగి, కలవాల్సిన చోటు కంటే ముందే కలిసిపోతాయి. దీనివల్ల వచ్చే మసక ఆ దారి వ్యాసపు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. దారి ఒకటిన్నర రెట్లయితే మసక దాదాపు మూడున్నర రెట్లు. పైగా ఎరుపు, నీలం ఒకేలా వంగవు కాబట్టి రాతి అంచుల వెంట రంగు గీతలు తేలతాయి. ఈ తప్పుల్ని సరిదిద్దడానికే అన్ని కటకాలు. వాటిలో కొన్ని మామూలు గుండ్రపు వంపు ఉన్నవి కావు. అంచు వైపు వెళ్లేకొద్దీ వంపు మారే గాజును తయారు చేయడం చాలా కష్టం. ఇక కొత్త కటకం చేర్చిన కొద్దీ ఇంకో తలనొప్పి. పూత లేని గాజు తన ఒక్కో ముఖం దగ్గర నూటికి నాలుగు వంతుల వెలుతురును వెనక్కి కొడుతుంది. కొన్నిటిని ఒకదానికొకటి అతికించడంతో ఎఫ్ 1.2 లెన్సులోని కటకాలు 9 గుంపులు, అంటే గాలి తగిలే ముఖాలు 18. పూత వేయకపోతే సగానికి పైగా వెలుతురు దారిలోనే పోతుంది! ఏ చీకటిని జయించాలని ఇంత గాజు పేర్చారో ఆ ప్రయోజనమే దెబ్బతింటుంది. అందుకే ప్రతి ముఖం మీదా కంటికి కనిపించనంత పలచటి పూతలు. ఆ గాజును కూడా లోపల ఒత్తిడి మిగలకుండా వారాల తరబడి నెమ్మదిగా చల్లారుస్తారు. చివరికి అన్ని కటకాల నడిబిందువులూ ఒకే గీత మీద నిలవాలి. ఒక్కటి కాస్త పక్కకు జరిగినా ఫొటోలో ఒక మూల స్పష్టంగా, ఎదురు మూల అలికినట్టుగా ఉంటుంది.

‘ఇదంతా కంపెనీల మాయ, పేరుకే డబ్బు’ అనేవాళ్ల మాటను కొట్టిపారేయలేం. సిగ్మా, ట్యామ్రాన్ వంటి కంపెనీలు దాదాపు అదే పనితనాన్ని చాలా తక్కువకు ఇస్తున్నాయంటే పెద్ద కంపెనీల ధరలో పేరు విలువ కూడా ఉన్నట్టే. కానీ పేరు తీసేసినా ధర చవక లెన్సు స్థాయికి దిగదు. ఇలాంటి లెన్సులు కొనేవాళ్లు తక్కువ. డిజైనుకు, అచ్చులకు, పరీక్షలకు పెట్టిన ఖర్చంతా ఆ కొద్దిమంది మీదే పడుతుంది. గాజు పని ఎంత ఓపికతో కూడుకున్నదో మనవాళ్లకూ తెలుసు. 1926లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చి, నేటికీ సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు చేస్తోంది. అక్కడ కూడా తక్కువ సంఖ్యలో, అతి జాగ్రత్తగా చేసే సరుకు చవగ్గా రాదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఫోను నుంచి వస్తుంది. ఫోను వరసగా అనేక ఫొటోలు తీసి, వాటిని కలిపి చీకట్లోనూ శుభ్రమైన బొమ్మ ఇస్తుంది కదా? ఇస్తుంది. శిల్పం కదలదు కాబట్టి ఆవని మండపంలో ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఎఫ్ 1.2తో దగ్గర నుంచి తీస్తే విగ్రహం ముక్కు స్పష్టంగా, చెవి మసగ్గా వస్తుంది. ముందుకు పొడుచుకొచ్చిన చెయ్యీ, వెనకనున్న రాతి పలకా రెండూ స్పష్టంగా కనిపించాలంటే వెలుగు దారిని ఎఫ్ 8కి తగ్గించాలి. అక్కడికి వచ్చేసరికి చవక లెన్సుకూ ఖరీదైనదానికీ తేడా చాలావరకు చెరిగిపోతుంది. కెమెరాను ఊపిరి బిగబట్టి స్తంభానికి ఆనించి తీస్తే చాలు. కదిలే మనుషుల దగ్గర కథ మారిపోతుంది. రాత్రి ముహూర్తానికి తాళి కట్టే క్షణాన్ని దూరం నుంచి పట్టుకోవాల్సిన పెళ్లి ఫొటోగ్రాఫరుకు, ఊరేగింపులో దివిటీల వెలుగున కదిలే ముఖాలు తీసేవాళ్లకు రెండోసారి అవకాశం రాదు. దూరం నుంచి తీసే 200 మిల్లీమీటర్ల లెన్సుకు ఎఫ్ 2.8 కావాలంటే వెలుగు దారి 71 మిల్లీమీటర్లుండాలి. అంత గాజుకూ డబ్బు పెట్టేది వాళ్లు, అది వాళ్లకు తిరిగొస్తుంది కూడా.

మీరు లెన్సు కొనే ముందు మీ పాత ఫొటోలు ఒకసారి తెరిచి చూడండి. ఏ అపర్చర్‌తో, అంటే ఏ ఎఫ్ అంకెతో తీశారో మామూలుగా డిజిటల్ ఫొటోలో నమోదై ఉంటుంది. అది ఎక్కువగా 5.6, 8 దగ్గరే ఉంటే చవక లెన్సు చాలు. ఎప్పుడూ చివరిదాకా తెరిచే తీస్తున్నట్టు తేలితే, కొనే ముందు ఆ ఖరీదైన లెన్సును రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని చూడండి.