మనుషుల చేతిరాత, దేవుని మాట

బైబిలును క్రైస్తవులు దైవ ప్రేరణతో వచ్చిన గ్రంథమని ఎందుకు నమ్ముతారు? ఏడు మీటర్ల పాత తోలు చుట్ట ఒకటి ఆ నమ్మకం గురించి ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

నజరేతు సమాజ మందిరంలో ఒక విశ్రాంతి దినాన యేసు చదవడానికి లేచి నిలబడ్డాడు. యెషయా ప్రవక్త గ్రంథపు చుట్టను చేతికిచ్చారు. బీదలకు శుభవార్త గురించి, చెరలో ఉన్నవారి విడుదల గురించి రాసిన చోటు విప్పి చదివి, చుట్టి ఇచ్చేసి కూర్చున్నాడు. వాళ్లు విన్న ఆ లేఖనం ఆ రోజే నెరవేరిందన్నాడు. లూకా సువార్త నాలుగో అధ్యాయంలోని ఈ ఘట్టం నుంచే క్రైస్తవుల నమ్మకాన్ని అర్థం చేసుకోవడం మొదలుపెట్టాలి. క్రైస్తవుడు ముందు ఒక పుస్తకాన్ని పరీక్షించి, దాన్నిబట్టి యేసును నమ్మినవాడు కాదు. యేసును నమ్మాడు, ఆయన నమ్మిన పుస్తకాన్నీ నమ్మాడు. మిగతా కారణాలన్నీ దీని తర్వాతే.

యేసు చేతికిచ్చిన చుట్ట ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఆధారం లేదు. 1946-47 ప్రాంతంలో మృత సముద్రం పక్కన కుమ్రాన్ కొండ గుహలో తామిరె తెగ బెదూయిన్ పశుల కాపరులకు మట్టి జాడీలు కనిపించాయి. లోపల తోలు చుట్టలు. చేతులు మారి మారి వాటిలో నాలుగు యెరూషలేములోని సిరియన్ ఆర్థడాక్స్ ఆర్చ్‌బిషప్ మార్ అథనేషియస్ శామ్యూల్ దగ్గరికి చేరాయి. 1948 ఫిబ్రవరిలో జాన్ ట్రెవర్ అనే అమెరికన్ పండితుడు వాటిలోని యెషయా చుట్టను ఫొటోలు తీశాడు. 1954 జూన్ 1న ఆ నాలుగు చుట్టలు అమ్మకానికున్నాయని వాల్ స్ట్రీట్ జర్నల్‌లో చిన్న ప్రకటన వచ్చింది. మామూలు అమ్మకాల ప్రకటనలా వచ్చిన ఆ కొద్ది పంక్తుల వెనక ఏముందో ఎంతమందికి తట్టి ఉంటుంది! పురావస్తు శాస్త్రవేత్త యిగేల్ యాదీన్ చొరవతో 2,50,000 డాలర్లకు అవి ఇజ్రాయెల్‌కు చేరాయి.

పదిహేడు తోలు ముక్కలు కలిపి కుట్టిన చుట్ట ఈ యెషయా చుట్ట. పొడవు 7.3 మీటర్లు, 54 నిలువు వరుసల రాత. యెషయా గ్రంథం 66 అధ్యాయాలూ ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటిదని పండితుల అంచనా. ఇప్పటికీ మనకున్న సంపూర్ణ హెబ్రీ బైబిలు ప్రతుల్లో అన్నిటికన్నా పాతది లెనిన్‌గ్రాడ్ కోడెక్స్, క్రీస్తు శకం 1008 నాటిది. అంటే ఒక్క గుహతో వెయ్యేళ్లకు పైగా వెనక్కి వెళ్లాం.

ఈ వెయ్యేళ్లలో నకలు రాసినవాళ్లు ఎన్ని మార్పులు చేశారోనని ఆత్రంగా పోల్చి చూశారు. తేడాలు వేలల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అక్షర క్రమానివి, వ్యాకరణానివి. కొన్ని అంతకన్నా పెద్దవి: రెండో అధ్యాయంలో ఒక చిన్న భాగం ఈ చుట్టలో లేదు. 53వ అధ్యాయం 11వ వచనంలో, బాధపడ్డ సేవకుడు చివరికి వెలుగు చూస్తాడని ఉంది. మధ్యయుగపు హెబ్రీ ప్రతుల్లో ఆ వెలుగు లేదు, ప్రాచీన గ్రీకు అనువాదంలో మాత్రం ఉంది. ఇవన్నీ కలిపి చూసినా గ్రంథం అదే గ్రంథం, ప్రవక్త గొంతు అదే గొంతు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కుమ్రాన్ చుట్ట బైబిలు దేవుని వాక్యమని రుజువు చేసిందని కొన్ని వేదికల మీద అంటుంటారు. చేయలేదు. నమ్మకంగా నకలు చేయడం వేరు, దేవుడు పలికించడం వేరు. ఏ గ్రంథాన్నయినా భక్తితో, జాగ్రత్తగా ఎత్తి రాయవచ్చు. చుట్ట తేల్చింది ఒక్కటే, కానీ అది చాలా పెద్దది. 53వ అధ్యాయంలోని సేవకుడు ఇతరుల అతిక్రమాల కోసం గాయపడతాడు, నోరు తెరవకుండా వధకు వెళతాడు, ధనవంతుడి దగ్గర సమాధి పొందుతాడు. క్రైస్తవులకు ఇందులో సిలువ కనిపిస్తుంది. యేసు తర్వాత క్రైస్తవులే దీన్ని రాసి చేర్చారని ఇప్పుడు ఎవరూ అనలేరు. యేసు పుట్టడానికి వందేళ్లకు ముందే సిరా ఆరిన తోలు అది.

ఆ సేవకుడు ఎవరన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఇశ్రాయేలు జాతే ఆ సేవకుడని యూదుల వ్యాఖ్యాన సంప్రదాయం, ముఖ్యంగా పదకొండో శతాబ్దపు రాషీ, వాదించింది. యెషయా గ్రంథంలోనే వేరే చోట్ల ఇశ్రాయేలును సేవకుడని పిలిచిన మాట నిజం. ఇక పారసీక రాజు కోరెషు పేరు 44, 45 అధ్యాయాల్లో రావడాన్ని సంప్రదాయ విశ్వాసులు శతాబ్దిన్నర ముందు చెప్పిన ప్రవచనమంటారు. విమర్శక పండితులు ఆ భాగం బబులోను చెరకాలంలోనే రాశారంటారు. ఈ వాదం ఎటు తేలినా సేవకుడి గీతం యేసుకు శతాబ్దాల ముందుదే. అందుకే ప్రవచనాలను వందల లెక్కన వల్లించడం కన్నా ఈ ఒక్క అధ్యాయం దగ్గర నిలబడి ఆలోచించడం మేలని నా అభిప్రాయం.

కలం ఎవరిది?

దైవ ప్రేరణ అనగానే మన దగ్గర రెండు ఊహలు సిద్ధంగా ఉంటాయి. వేదం అపౌరుషేయం, దానికి కర్త లేడు. ఖురాన్ అక్షరం అక్షరం అవతరించిందని ముస్లింల విశ్వాసం. క్రైస్తవుల మాట ఈ రెండూ కాదు. లేఖనమంతా దేవుని ఊపిరి నుంచి వచ్చిందని పౌలు తిమోతికి రాశాడు; పరిశుద్ధాత్మ నడిపింపుతో మనుషులు పలికారని పేతురు రెండో పత్రిక చెబుతుంది. మనుషులు అన్నది అందులో పొల్లు మాట కాదు. కళ్లారా చూసినవారిని ఆధారం చేసుకుని, అంతా మొదటి నుంచి పరిశోధించి రాస్తున్నానని లూకా తన సువార్త మొదట్లోనే చెప్పుకున్నాడు. కొరింథులో ఎవరెవరికి బాప్తిస్మమిచ్చానో అంతా గుర్తు లేదని పౌలు రాశాడు. త్రోయలో వదిలేసి వచ్చిన అంగీ తెమ్మని మరోచోట అడిగాడు. దేవుని వాక్యమని కొలిచే గ్రంథంలో ఒకరి మతిమరపు, ఒకరి చలి! నాకు ఇది లోపంగా కాక, దేవుడు మనిషిని పక్కకు నెట్టకుండా మాట్లాడతాడనడానికి ఆనవాలుగా కనిపిస్తుంది.

1965లో రెండో వాటికన్ మహాసభ వెలువరించిన దేయి వెర్బుమ్ పత్రం దేవుణ్ని గ్రంథకర్త అంటూనే, మానవ రచయితలు తమ శక్తులతో రాసిన నిజమైన రచయితలే అంది. 1978 షికాగో ప్రకటనలో ఇవాంజెలికల్ నాయకులు కూడా దేవుడు రచయితల వ్యక్తిత్వాన్ని తుడిచేయలేదన్నారు. చరిత్రలో, విజ్ఞానంలో కూడా తప్పు లేదా అన్న దగ్గర ఈ ఇద్దరూ ఒకే మాట మీద లేరు. పుస్తకాల సంఖ్యలోనూ తేడా ఉంది: ప్రొటెస్టెంట్లకు 66, కాథలిక్కులకు 73.

గ్రంథం తన వాళ్ల తప్పులను దాచిపెట్టకపోవడం కూడా విశ్వాసులు చూపే కారణాల్లో ఒకటి. దావీదు వ్యభిచారం, హత్య రాజాస్థానపు చరిత్రల్లో మాయమయ్యే సంగతులు. ఇక్కడ ప్రవక్త నాతాను మొహం మీదే నిలదీశాడని రాశారు. పేతురు యేసును ఎరగనన్న సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. స్త్రీల సాక్ష్యానికి విలువ తక్కువైన రోజుల్లో ఖాళీ సమాధిని ముందు చూసింది స్త్రీలేనని రాశారు. కల్పించేవాడు ఇలా కల్పించడు.

వీటన్నిటి తర్వాత కూడా నమ్మకం పుట్టేది వాదంతో కాదని ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ అన్నాడు. వాక్యాన్ని పలికించిన ఆత్మే చదివేవాడి లోపల సాక్ష్యమిస్తాడని ఆయన బోధ. 386లో మిలాన్ తోటలో ఏడుస్తున్న అగస్టిన్ పక్కింటి పిల్లల గొంతు విని రోమా పత్రిక తెరిచాడు, కొన్ని వాక్యాలతో ఆయన జీవితం మారిపోయింది. మన ఊళ్ల గృహకూటాల్లో కూడా ఒకామె లేచి, ఈ వాక్యం ద్వారా దేవుడు నాతో మాట్లాడాడని సాక్ష్యం చెబుతుంది. ఆమె కుమ్రాన్ పేరు విని ఉండదు.

అందుకే ఈ గ్రంథం ఏ భాషలోకి వెళ్లినా వాక్యంగానే ఉంటుందని క్రైస్తవులు అనుకుంటారు. యేసు అరామిక్ మాట్లాడితే సువార్తలు గ్రీకులో వచ్చాయి. అనువాదం కొత్త నిబంధనలోనే ఉంది. షుల్జ్ అనే జర్మన్ మిషనరీ పద్దెనిమిదో శతాబ్దంలోనే బైబిలును తెలుగు చేసినా అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ మళ్లీ మొదలుపెట్టారు; ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. అయిదేళ్లు తిరిగేసరికి మిషనరీలిద్దరూ కన్నుమూశారు. వారు తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.

నమ్మనివారు కూడా యెషయా 52వ అధ్యాయం 13వ వచనం నుంచి 53 చివరిదాకా చదివి చూడవచ్చు. 15 వచనాలే. తర్వాత అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం తెరవండి. ఐతియొపీయ రాణి కోశాధికారి రథంలో కూర్చుని ఆ భాగమే చదువుతుంటాడు. ప్రవక్త ఇది తన గురించి చెప్పుకుంటున్నాడా, ఇంకెవరి గురించైనానా అని సువార్తికుడైన ఫిలిప్పును అడుగుతాడు. ఫిలిప్పు అక్కడి నుంచే మొదలుపెట్టి యేసు గురించి చెప్పాడు.