వార్తల్లో పదం: ఫ్రీ ఏజెంట్
"ఆ కుర్రాడు ఉంటాడా, పోతాడా?" ఇబ్రహీంపట్నంలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లను కదిపితే టీ చల్లారేదాకా ఇదే వాదన. కాంట్రాక్టు గడువు తీరి ఏ క్లబ్‌కూ కట్టుబడి లేని ఆటగాడే ఫ్రీ ఏజెంట్. అతన్ని తీసుకునే క్లబ్, పాత క్లబ్‌కు ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టనక్కర్లేదు. బెల్జియం ఆటగాడు బోస్మన్ కోర్టుకెక్కి, 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానంలో గెలిచి సాధించిపెట్టిన హక్కిది. కాంట్రాక్టు చివరి 6 నెలల్లోనే కొత్త క్లబ్‌తో సంతకం చేసుకోవచ్చు. కుర్రాళ్ల విషయంలో ఓ మెలిక ఉంది: 23 ఏళ్లలోపు వారైతే, తర్ఫీదిచ్చిన క్లబ్‌లకు పరిహారం చెల్లించాల్సి రావచ్చు.

జీతం ఆగినా తలుపు తెరుచుకుంటుంది. ఫిఫా నిబంధన ప్రకారం 2 నెలల జీతం బాకీపడితే, 15 రోజుల నోటీసిచ్చి ఆటగాడు బయటపడొచ్చు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24లో జీతాల చిక్కుల్లో పడి సీనియర్లను పోగొట్టుకుంది. కుర్రాళ్లతో నెట్టుకొచ్చి, సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచే గెలిచింది. వెళ్లినవాళ్లను ద్రోహులనడం నాకు సబబుగా తోచదు. ఆటగాడికీ ఇంటద్దె ఉంటుంది కదా! 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.