మన అన్నంలో పీచు ఎంత?

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో పనిచేసే వారిని "ఫైబర్" అంటే ఏమిటని అడిగితే, పైకప్పులకు వేసే ఫైబర్ గ్లాసు రేకు చూపిస్తారు. ఇంటికి ఇంటర్నెట్టు ఇచ్చే కుర్రవాణ్ణి అడిగితే, తలవెంట్రుకంత సన్నని గాజుతీగ చూపిస్తాడు. ఆ గాజుతీగ కథ సామాన్యమైనది కాదు. గాజు తగినంత శుద్ధంగా ఉంటే అందులోంచి వెలుతురును మైళ్ళకొద్దీ పంపవచ్చునని చార్లెస్ కావో 1966లో లెక్క కట్టి చూపాడు. అందుకు 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. "ఫైబర్ ఆప్టిక్స్" అన్న మాటను వ్యాప్తిలోకి తెచ్చిన నరీందర్ సింగ్ కపానీ మన దేశం వాడే. అది వేరొక వ్యాసానికి తగిన సంగతి. మేము ఇక్కడ ముచ్చటించదలచినది డాక్టర్లు చెప్పే ఫైబర్‌ను గురించి. తెలుగులో దానికి చక్కని మాట ఉన్నది – పీచు.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, మన సంఘం సమావేశాల్లో కాఫీ అందించే వేళ "నాకు చక్కెర లేకుండా" అనే కంఠాలు ఏటేటా హెచ్చుతున్నాయి. మొన్న మొన్నటి వరకు అవి పెద్దవాళ్ళ కంఠాలు. ఇప్పుడు ముప్ఫయ్యేళ్ళ వాళ్ళవి కూడా వినిపిస్తున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి అండతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షల మంది అనీ, ఆ గడప దాకా వచ్చి నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షల మంది అనీ అందులో తేలింది. ఆ సర్వేను నడిపించినది మన చెన్నైలోనే ఉన్న మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్. డాక్టర్ వి. మోహన్, డాక్టర్ ఆర్. ఎం. అంజన గార్లు దానికి ముఖ్యులు. మా వీధిలోనే ఒక పెద్దాయనకు ఈ జబ్బుతో కాలి వ్రేలు తీసివేయవలసి వచ్చింది. ఆయన ఇంట్లో ఇప్పుడు బియ్యం డబ్బా దగ్గరే రోజూ ఒక చర్చ. ఏ బియ్యం, ఎంత బియ్యం, అసలు బియ్యమా కాదా అని.

బియ్యం తెలుపుతో తెలుగువారికి గల పేచీ ఈనాటిది కాదు. ఉత్తర సర్కారులని పిలువబడిన మన కోస్తా జిల్లాలు ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పేరుపడ్డవి. తమిళదేశంలో వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టి దంచేవారు. అలా ఉడికినపుడు పై పొరలోని సత్తువ కొంత గింజ లోపలికి దిగుతుంది. మనవారు పచ్చి బియ్యం తినేవారు. రోకలి పోయి మిల్లు రావడంతో ఆ పచ్చి బియ్యం మల్లెపువ్వులా తెల్లబడింది, తవుడంతా గొడ్ల పాలయింది, జనానికి కాళ్ళలో నీరు చేరింది. ఈ వ్యాధిని పరిశోధించడానికే మెకారిసన్ అనే వైద్యుడు 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరుతో నడుస్తున్నది. బెరిబెరికి కారణం పీచు లోపం కాదు, బి–1 విటమిను లోపం. అయితే ఆ విటమిను పోయిన దారినే పీచూ పోయింది. విటమినును మాత్రలో పెట్టి తిరిగి ఇవ్వగలిగారు గాని, పీచు సంగతి చాలా కాలం ఎవరూ తలపెట్టలేదు. అరగకుండా బయటికి పోయే చెత్తకు విలువ ఏమిటని అప్పటి వైద్యుల భావన.

ఆ భావన మారడానికి ముఖ్య కారకుడు డెనిస్ బర్కిట్ అనే ఐర్లాండు శస్త్రవైద్యుడు. ఆయన ఆఫ్రికాలో ఉగాండాలో చాలా ఏళ్ళు పనిచేశాడు. ఇంగ్లండులో ఇంటింటా కనబడే మలబద్ధకం, పేగుల జబ్బులు, మొలలు అక్కడి పల్లె ప్రజల్లో ఎందుకు అరుదో గమనించాడు. వారు తినేదానిలో పీచు పుష్కలమని, అందువల్ల తిన్నది పేగుల్లో నిలవ ఉండక త్వరగా సాగిపోతుందని 1970ల మొదట్లో తోటి వైద్యులతో కలిసి ప్రకటించాడు. మలాన్ని తూకం వేసిన శాస్త్రజ్ఞుడని కొందరు నవ్వారు కూడా. ఆయన చెప్పినదంతా అక్షరాలా నిలువలేదు. కాని అసలు విషయం నిలిచింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద న్యూజిలాండు శాస్త్రజ్ఞులు ఎన్నో దేశాల పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. పీచు బాగా తినేవారిలో, కొద్దిగా తినేవారి కంటె, గుండెజబ్బు, మధుమేహం, పెద్దప్రేగు కాన్సరు, అకాల మరణం 15 నుండి 30 శాతం వరకు తక్కువని తేలింది. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు ఉండాలని ఆ సంస్థ 2023లో సలహా ఇచ్చింది.

పీచు చేసే పని ఏమిటి? కొంత పీచు నీటిలో జిగురులా ఉబ్బుతుంది. ఇసబ్‌గోల్ గ్లాసులో వేసి రెండు నిమిషాలు మరచిపోయినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఆ జిగురులో చిక్కిన పిండి మెల్లగా అరుగుతుంది, చక్కెర రక్తంలోకి ఒక్కుమ్మడిగా దూకదు. మరికొంత పీచు కరగదు, మలానికి బరువు నిచ్చి ముందుకు తోస్తుంది. ఇక ఇటీవల శాస్త్రజ్ఞులు ఎక్కువ శ్రద్ధ పెట్టినది మూడవ పని మీద. మన పెద్దప్రేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. మనకు అరగని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ మొదలైన ఆమ్లాలు తయారు చేస్తాయి. పెద్దప్రేగు లోపలి పొరకు ఆ బ్యూటిరేట్ ముఖ్యమైన ఆహారం. అనగా మనం తినే పీచు మనకు కాదు, మన అద్దెవాసులకు. వారు అద్దె సక్రమంగానే చెల్లిస్తున్నారు.

లెక్కల విషయంలో ఒక తమాషా చెప్పాలి. గుమాస్తా వృత్తిలో ఉన్నవారికి ఇది ప్రత్యేకంగా రుచిస్తుంది. హైదరాబాదు సంస్థవారి 1971 నాటి పట్టికలో నూరు గ్రాముల రాగులలో పీచు 3.6 గ్రాములు, తెల్ల బియ్యంలో 0.2 గ్రాములు. అదే సంస్థ 2017 పట్టికలో రాగులకు 11.18, బియ్యానికి 2.81. రాగులు మారలేదు, కొలత మారింది. పూర్వం ధాన్యాన్ని ఆమ్లంలోను, క్షారంలోను ఉడికించి మిగిలినదాన్ని పీచు అనేవారు. ఆ మరుగులో పీచు కూడా చాలా భాగం కరిగిపోయేది. ఇప్పుడు మన కడుపులోని జీర్ణరసాల వంటి ఎంజైములతో అరిగించి, అప్పటికీ అరగనిదాన్ని తూస్తారు. కాబట్టి పాత పుస్తకంలోని అంకె, కొత్త పుస్తకంలోని అంకె ఒకే కాలమ్‌లో వేసి కూడరాదు.

ఇక చెన్నై పరిశోధనకు వద్దాం. 2014లో డాక్టర్ మోహన్ గారి బృందం అమెరికాలోని హార్వర్డు వారితో కలిసి ఒక పరీక్ష ప్రకటించింది. బరువు ఎక్కువగా ఉన్న 15 మందికి కొన్నాళ్ళు తెల్లన్నం, కొన్నాళ్ళు ముడి బియ్యపు అన్నం, కొన్నాళ్ళు ముడి బియ్యంతో పాటు పప్పుధాన్యాలు పెట్టారు. చర్మం క్రింద సన్నని తంత్రి ఉండే చిన్న యంత్రం రాత్రింబవళ్ళు చక్కెరను నమోదు చేసింది. వ్రేలు గుచ్చి చూసే పాత పద్ధతిలో ఇంత వివరం సాధ్యపడేది కాదు. తెల్లన్నం కంటె ముడి బియ్యంతో చక్కెర ఎగుడు సుమారు 20 శాతం తగ్గింది. పప్పు చేరితే 23 శాతం.

అయితే ముడి బియ్యం ఎవరు తింటారు? నమలాలి, ఎక్కువసేపు ఉడకాలి, చూపుకు బీద అన్నంలా కనబడుతుంది. కాస్త మాత్రం పట్టించి తింటే పోదా అంటారేమో, దానికీ జవాబు ఉన్నది. మన బాపట్లలో పుట్టిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఉప్పుడు బియ్యంగా తీసుకొని ఇదే సంస్థవారు 2017లో పరీక్షించారు. తిన్న ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకెను గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. 55 దాటకపోతే మంచిది, 70 చేరితే ఎక్కువ. ముడి బియ్యానికి అది 57.6. రెండు శాతం పైచిలుకు మాత్రమే పాలిష్ పట్టగానే 73. పూర్తిగా తెల్లబడితే 79.6. చిన్న పాలిష్‌తోనే నష్టం చాలావరకు జరిగిపోతున్నదన్నమాట.

అందుకని తెల్లగానే ఉండి పీచు గల బియ్యం కోసం కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, చెన్నై సంస్థ చేతులు కలిపాయి. ఎన్నో రకాలు వడపోసి తీసిన ఆ బియ్యంలో నూరు గ్రాములకు 8 గ్రాముల పీచు ఉన్నదనీ, తాము పోల్చిన మామూలు తెల్ల బియ్యానికి అది అయిదు రెట్లనీ 2016లో ప్రకటించారు. గ్లైసీమిక్ ఇండెక్స్ 79 నుండి 61కి దిగింది. ఇది మెచ్చుకోదగిన పని. ఆ బియ్యం ఇప్పుడు సంచుల్లో అమ్ముతున్నారు, మామూలు బియ్యం కంటె ధర హెచ్చు. మన తెలుగునాట కూడా ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన ఆర్.ఎన్.ఆర్. 15048కు, అదే తెలంగాణ సోనా, ఈ అంకె సుమారు 51 అని జాతీయ పోషకాహార సంస్థ తేల్చింది. కాని ఒకటి గుర్తుంచుకోవాలి. చక్కెర నెమ్మదిగా పెంచడం వేరు, పీచు ఉండటం వేరు. తెలంగాణ సోనా తిన్నంత మాత్రాన ఆ 25 గ్రాములు నిండవు.

చిక్కంతా ఇక్కడే. మా ఆఫీసు మిత్రుడొకరు ఏదో "షుగర్ బియ్యం" సంచి కొని తెచ్చి, ఆ ధైర్యంతో మూడోమారు అన్నం వడ్డించమన్నారట. "అది మందు కాదండీ, అన్నమే" అన్నదట ఆవిడ. వైద్యశాస్త్రం ఆవిడ పక్షానే ఉన్నది. 2025లో వెలువడిన మరొక జాతీయ సర్వే ఫలితం ఇదే మాట చెబుతున్నది. మన దేశస్థుల ఆహారంలో శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నది. ఆ మొత్తం తగ్గించకుండా తెల్ల ధాన్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో తిన్నంత మాత్రాన ముప్పు తగ్గినట్లు కనబడలేదు. పిండిలో కొంత తీసి ఆ చోట పప్పుధాన్యాలు, పాలు పెరుగుల వంటి మాంసకృత్తులు పెట్టినపుడు తగ్గింది. రొట్టెలకు మారాము గదా అని నిశ్చింతగా ఆరేసి తినేవారు దీన్ని ఒకసారి ఆలోచించాలి.

మేము 2017 పట్టిక ముందు పెట్టుకొని మన ఇళ్ళలో ఒక మనిషి భోజనానికి పద్దు వేసి చూశాము. రోజుకు 300 గ్రాముల బియ్యం – పీచు 8.4 గ్రాములు. కందిపప్పు 50 గ్రాములు – 4.5. వంకాయో బెండకాయో నూరు గ్రాములకు నాలుగు చొప్పున, చాలా ఇళ్ళలో పడేది ఆ నూరు గ్రాములే. మొత్తం 17. ఇప్పుడు బియ్యం 200కు తగ్గించండి – 5.6. కందిపప్పు అంతే. ఉదయం ఇడ్లీ బదులు పొట్టు పెసలు 50 గ్రాములతో పెసరట్టు – 8.5. కూర 250 గ్రాములు – 10. మొత్తం 28 దాటింది, ఖరీదైన సంచి ఏదీ కొనకుండానే. సాయంత్రం బిస్కట్ల స్థానంలో గుప్పెడు సెనగల గుగ్గిళ్ళు పెడితే మరి కాస్త మిగులుబాటు, సెనగలలో నూరుకు పాతిక గ్రాములు పీచే. ఈ పద్దులో కష్టమైన పంక్తి బియ్యం తగ్గించడమే. కూర ఎక్కువ చేయాలంటే తరిగే చేతులు కూడా కావాలి. ఆ పని ఇంట్లో ఒక్కరి మీదే పడితే పద్దు కాగితం మీదే ఉంటుంది.

చద్దన్నం మాట కూడా అడుగుతారు. వండిన అన్నం చల్లారితే అందులోని పిండిలో కొంత గట్టిపడి అరగడానికి లొంగదు, పీచులాగే పనిచేస్తుంది. ఇండోనేషియాలో 2015లో ప్రకటించిన ఒక పరీక్షలో, వండి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మళ్ళీ వేడిచేసిన అన్నంలో ఇది నూరు గ్రాములకు 0.64 నుండి 1.65 గ్రాములకు పెరిగింది. పెరిగిన మాట నిజమే గాని, కొండంత కాదు. నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం పేగుల జబ్బులవారికి ఏమేరకు ఉపకరిస్తుందో చెన్నై స్టాన్లీ వైద్యకళాశాలవారు పరిశోధన చేపట్టారు. ఎండాకాలంలో అన్నం గిన్నె బయట పెట్టి వదిలేస్తే మాత్రం విషక్రిములు పెరుగుతాయి. వండిన గంటా రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి చేర్చడం క్షేమం.

చివరగా, పీచును ఒక్కరోజులో రెట్టింపు చేస్తే కడుపు ఉబ్బరిస్తుంది, ఇంటిల్లిపాదీ విసుగుపడి మానేస్తారు. రెండు మూడు వారాల మీద కొద్దికొద్దిగా పెంచుతూ, నీళ్ళు కూడా ఎక్కువ త్రాగాలి. చక్కెరకు మందులో ఇంజక్షనో వాడేవారు అన్నం తగ్గించే ముందు డాక్టరుగారితో చెప్పాలి, పాత మోతాదే వేసుకుంటే చక్కెర మరీ పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పుల కొలత వేరు.