చిన్నాయన కంచె

తమిళనాడులోని హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. నేను బ్యాంకు ఉద్యోగంలో పడి పట్నం చేరాను. మా చిన్నాయన మాత్రం తళి దగ్గర పల్లెలోనే నాలుగు ఆవులు, రెండు దూడలు, మూడెకరాల భూమితో ఉండిపోయాడు.

రెండేళ్ళ క్రితం ఒకరోజు ఆయన ఫోను చేశాడు. "దూడలు పక్క చేన్లో పడుతున్నాయిరా. రోజూ తగువే. మోటారు షెడ్డు నుంచి తీగ లాగి కంచెకు కరెంటు పెట్టేస్తా" అన్నాడు. నా గుండె ఆగినంత పనయింది. "ఆ పని మాత్రం చేయొద్దు చిన్నాయనా, ఆదివారం నేనొస్తున్నా" అన్నాను.

అలా లాగిన తీగలే ప్రాణాలు తీస్తున్నాయి. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర మూడు ఏనుగులు అలాంటి కంచెకు తగిలి చనిపోయాయి. ఇంటి కరెంటు 230 వోల్టులే అయినా ఆగకుండా పారుతుంది. కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చేయి వదలదు. పశువుల కంచెకు వాడే ఎనర్జైజరు వేరు. అది 5,000 వోల్టులకు పైగా ఇచ్చినా, సుమారు సెకనుకొకసారి, అదీ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపే. పశువుకు చురుక్కుమంటుంది, వెనక్కి దూకుతుంది, అంతే.

సోలార్ ఎనర్జైజరు కొన్నాం. రాతి కూసాలకు ఇన్సులేటర్లు బిగించి జి.ఐ. తీగ లాగాం. వానాకాలమంతా బాగా పనిచేసింది. మార్చి వచ్చేసరికి దూడలు తీగను తోసుకుని మళ్ళీ పక్క చేన్లోకి! "నీ పెట్టె కంటే నా మోటారు తీగే నయం" అన్నాడు చిన్నాయన.

మెకానిక్కును పిలిపించాను. అతను చూసి, "లోపం పెట్టెలో లేదు సార్, ఎర్తులో ఉంది" అన్నాడు. కామర్స్ చదివిన నాకు అప్పుడు తలకెక్కింది. డెబిట్టుకు క్రెడిట్టు ఉండాలి కదా! తీగ నుంచి పశువు ఒంట్లోకి వెళ్ళిన కరెంటు కాళ్ళ గుండా నేలలోకి దిగి, ఎర్తు కడ్డీ ద్వారా పెట్టెకు తిరిగి చేరాలి. మేము పాతింది రెండడుగుల కడ్డీ ఒక్కటే, అదీ చూరు కింద పొడి నేలలో. ఎండకు నేల ఆరిపోయి తిరుగుదారి మూసుకుపోయింది.

పెట్టె ఆపి, ఆరడుగుల జి.ఐ. కడ్డీలు మూడు, పదేసి అడుగుల దూరంలో, తొట్టినీళ్ళు పారే తడి నేలలో దిగగొట్టాం. మూడింటినీ ఒకే తీగతో గట్టిగా బిగించాం. ఇంటి ఎర్తుకు 10 మీటర్లకు పైగా ఎడం ఉంచాం. ఆ తర్వాత మెకానిక్కు 100 మీటర్ల అవతల కంచెకు ఇనుప కడ్డీలు ఆనించి, వోల్టేజీ 2,000కు దిగువకు పడేట్టు చేసి, ఎర్తు దగ్గర కొలిచాడు. అక్కడ 300 వోల్టులు మించితే ఇంకో కడ్డీ కావాలన్నమాట. మాది 200 చూపింది.

మరో రెండు మాటలు. తీగకు గడ్డి తగిలితే కరెంటు అటే కారిపోతుంది, కోస్తూ ఉండాలి. తమిళనాడులో విద్యుత్ కంచెల నమోదుకు 2023లో నిబంధనలు వచ్చాయి. అడవి దగ్గర పొలం ఉన్నవారు ముందు అటవీ శాఖ ఆఫీసులో విచారించుకోవాలి.

మొన్న పక్క చేను ఆసామి వచ్చి, పందుల బెడదకు తానూ మోటారు నుంచి తీగ లాగుతానన్నాడట. చిన్నాయన అతణ్ణి కూచోబెట్టి, కాఫీ ఇచ్చి, ఎర్తు గురించి గంటసేపు చెప్పి పంపాడట!