అవ్వాతాతల అమెరికా ఇన్సూరెన్స్

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి పిల్లల్ని చూడ్డానికి అమెరికా పోయే పెద్దవాళ్ళకు అక్కడ ఆరోగ్యశ్రీ చెల్లదు. విజిటర్ వీసా మీద మెడికేర్ కూడా రాదు. షెంగెన్ వీసాకైతే 30,000 యూరోల కవరేజీ తప్పనిసరి. అమెరికా ఆ మాట అడగదు. అందుకే చాలామంది చౌక పాలసీ కొనేస్తారు.

ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలో ఒక్కో చికిత్సకు ఇంతే అని రాసుంటుంది, మిగతా బిల్లు మనదే. కాంప్రహెన్సివ్‌లో డిడక్టిబుల్ పోను ఎక్కువ భాగం, పరిమితి దాకా, కంపెనీ కడుతుంది.

అసలు చిక్కు బీపీ, షుగర్‌తో. వాటి మామూలు చెకప్‌లు, మందులు సాధారణంగా కవర్ కావు. ‘అక్యూట్ ఆన్‌సెట్’ క్లాజ్ ఉంటేనే పాత జబ్బు హఠాత్తుగా ముదిరినప్పుడు డబ్బొస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది.

కాబట్టి మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా ఇక్కడినుంచే పంపండి. టికెట్ బుక్ చేసేది ఎట్లాగూ మనమే, ఆ క్లాజ్ చదివి జేజికి తెలుగులో చెప్పాల్సిందీ మనమే.