పంటకు ముందే డబ్బు.. వారం వారం సైకిల్‌పై కూరగాయలు: ఏమిటీ పద్ధతి?

2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. చాలా ఇళ్లలో టమాటా కొనడమే మానేశారు. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలింది. కర్నూలు జిల్లాలో రైతులు సరుకును రోడ్డు మీద పారబోశారు. అంటే ముందు కొనేవాళ్ల జేబు ఖాళీ అయింది, తర్వాత పండించినవాళ్ల జేబు ఖాళీ అయింది.

ఈ దెబ్బను ఇద్దరూ పంచుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, పొట్టిగా సీఎస్ఏ అంటారు.

ఎలా నడుస్తుంది?

సీజన్ మొదలు కాకముందే కొన్ని కుటుంబాలు ఒక చిన్న పొలంలో వాటా కొంటాయి. ఉదాహరణకు 50 కుటుంబాలు తలా 6,000 రూపాయలు కడితే 3 లక్షలు. విత్తనాలకు, ఎరువుకు, కూలీలకు రైతు చేతిలో డబ్బు ఉంటుంది. వడ్డీకి తేవాల్సిన పని లేదు. బదులుగా 20 వారాలు కూరగాయలు ఇస్తాడు. లెక్క వేస్తే ఇంటికి వారానికి 300 రూపాయలు పడుతుంది.

పంట బాగా వస్తే బుట్ట నిండుతుంది. వడగళ్లు పడితే, పురుగు తగిలితే బుట్ట తగ్గుతుంది. నష్టం ఒక్క రైతు నెత్తిన పడదు. అసలు విషయం ఇదే.

ఎక్కడ మొదలైంది?

జపాన్‌లో 1970ల్లో పురుగుమందులకు భయపడిన గృహిణులు నేరుగా రైతులతో ఒప్పందం చేసుకున్నారు. దాన్ని అక్కడ ‘తేకెయ్’ అంటారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ ఫార్మ్ ఈ దారి పట్టాయి. టెంపుల్-విల్టన్‌లో అందరికీ ఒకే రేటు లేదు. ఏడాది ఖర్చు ఎంతో రైతులు ముందే చెబుతారు. ఎవరి స్తోమతను బట్టి వాళ్లు ఇంత ఇస్తామని మాట ఇస్తారు.

సైకిల్ ఎందుకు?

మసాచుసెట్స్‌లోనే నార్తాంప్టన్ అనే ఊళ్లో పెడల్ పీపుల్ అనే సహకార సంఘం 2002 నుంచి పనిచేస్తోంది. అందులో పనిచేసేవాళ్లే యజమానులు. సైకిల్ వెనక ట్రెయిలర్ కట్టి ఇళ్ల చెత్త తీసుకెళ్తారు, పొలాల వాటా కూరగాయలూ ఇళ్లకు చేరుస్తారు. చలికాలంలో మంచు పడినా పని ఆగదు.

సైకిల్‌కు పెట్రోల్ ఖర్చు లేదు, ఇరుకు గల్లీల్లోకి కూడా పోతుంది. కానీ దానికీ హద్దుంది. మూడు నాలుగు కిలోమీటర్ల చుట్టుపక్కలైతే సులువు. పొలం 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే సరుకు ఒక వ్యాన్‌లో బస్తీ దాకా రావాలి, అక్కడి నుంచే సైకిల్ అందుకోవాలి. ఎండాకాలం ఆకుకూరలు వాడిపోకుండా తడి గోనెపట్టా కప్పాలి, పొద్దున్నే పంచేయాలి. తొక్కేవాడి కూలి కూడా వాటా ధరలో కలపాలి. లేకపోతే రైతును కాపాడి కూలివాడిని ముంచినట్టే.

మన రైతు బజార్ ఉంది కదా?

ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లు దళారిని పక్కన పెట్టాయి. అయితే అక్కడ రైతుకు డబ్బు పంట అమ్మాకే వస్తుంది. పెట్టుబడికి మాత్రం అప్పే గతి. కమీషన్ ఏజెంట్ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటే పంట అతనికే, అతను చెప్పిన రేటుకే పోసే పరిస్థితి వస్తుంది. సీఎస్ఏలో ఆ అడ్వాన్స్ తినేవాళ్లే ఇస్తారు.

చేరే ముందు ఏం అడగాలి?

ఎన్ని వారాలు, ఏ పంటలు? పంట పూర్తిగా పోతే డబ్బు సంగతేంటి? ఖర్చుల లెక్క సభ్యులకు చూపిస్తారా? ఇవి కాగితం మీద ఉండాలి. రోజు కూలి మీద బతికే ఇంటికి ఒకేసారి 6,000 కట్టడం కష్టం. అందుకే నెల వాయిదాలు ఉన్నాయా అని కూడా అడగాలి. కొన్ని పొలాల్లో డబ్బుకు బదులు పనిచేసి వాటా తీసుకునే వీలు కూడా ఉంటుంది.

ఇంకో మాట. బుట్టలో ఏముంటుందో సీజన్ నిర్ణయిస్తుంది, మనం కాదు. బెండకాయ కాసిన వారం బెండకాయే. అది ఒప్పుకోగలిగిన ఇంటికే ఈ పద్ధతి కుదురుతుంది.